వాచ్‌మన్ సైకిల్‌కు తొవ్వ ఏది?



ఈసారి పోడు గురించి కాదు, జీఓల గురించి కాదు, సైకిల్ గురించి రాస్తున్న. నవ్వేటోళ్లు నవ్వండి గాని చివరిదాకా చదవండి.

మా మేనత్త కొడుకు ఒకడున్నడు, నాకు బావ అయితడు. ఇంటర్ తప్పి, రెండేండ్లు పత్తి చేన్లల్ల కూలికి పోయి, ఇగ ఊళ్లె ఏం లేదని హైదరాబాద్ వచ్చిండు. నర్సింగి దిక్కు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ గేటు కాడ సెక్యూరిటీ గార్డు పని. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. గార్డు జీతానికి ఆ చుట్టుపక్కల గోడ కూడా కిరాయికి దొరకదు. అందుకే నాలుగైదు కిలోమీటర్ల అవతల ఆరుగురు కలిసి ఒక రూమ్ తీసుకున్నరు. పోను రాను షేర్ ఆటోకు రోజుకు నలభై, ఒక్కోసారి అరవై. నెల తిరిగేసరికి ఇంటికి పంపే పైసలల్ల పెద్ద బొక్క. లెక్క చూసుకొని, రెండు వేలు పెట్టి ఒక పాత సైకిల్ కొన్నడు. మొదటి వారం ఫోన్ చేసి, “ఆటో పైసలు మిగిలితున్నయ్‌రా, రెండు నెలలల్ల సైకిల్ నాకు ఫిరీ” అన్నడు. ఆ మాట ఇప్పటికీ చెవుల్ల ఉన్నది.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం డ్యూటీకి పోతుంటే సర్వీస్ రోడ్డు మలుపు కాడ కారు గుద్దింది. గుద్దినోడు ఆగలే. తుంటి కింద బొక్క విరిగింది, రాడ్ వేసిండ్రు. గార్డులను పెట్టే కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే, “డ్యూటీ మొదలు కాకముందు అయింది కదా, మాకు సంబంధం లేదు” అన్నడు. మూడు నెలలు మంచం మీద ఉండి, ఇప్పుడు ఊళ్లె ఉన్నడు. కుంటుతూ నడుస్తడు. ఆ హ్యాండిల్ వంగిన సైకిల్ నా రూమ్ ముందే ఉన్నది, ఎవరికి ఇయ్యాలో తెల్వక.

ఇక్కడి నుంచే నా ప్రశ్న. బావ పడిపోయిన చోటుకు దగ్గరలోనే దేశమంతా ఫొటోలు తిరిగిన సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నర్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. నాలుగున్నర మీటర్ల వెడల్పు, మూడు వరసలు, నెత్తిన సోలార్ పలకల కప్పు, దాని మీద 16 మెగావాట్ల కరెంటు. దక్షిణ కొరియాలో ఇట్లాంటిది ఉంటే చూసి ఇక్కడ కట్టారు.

ఒక ఆదివారం పొద్దున పోయి చూసిన. నిజం చెప్పాలంటే బాగుంది. మన ఎండలకు నీడ లేకుండా సైకిల్ ట్రాక్ వేయడం అంటే ఊరికే రంగు పూయడమే. కప్పు వేయాలని ఆలోచించినవాళ్లను మెచ్చుకోవాల్సిందే. తొక్కుతున్నవాళ్లు కూడా మంచోళ్లే, ఒకాయన నాకు నీళ్లు ఇచ్చిండు. కానీ చాలామంది సైకిళ్లు కారు వెనక కట్టుకొని వచ్చారు. పార్కింగ్‌ల కారు పెట్టి, సైకిల్ దించి, పోయినంత దూరం పోయి, మళ్లీ అదే పార్కింగ్‌కు వచ్చి, సైకిల్ కారుకు కట్టుకొని ఇంటికి పోయారు. అంటే ఆ ట్రాక్ ఎక్కడికీ తీసుకుపోదు. తీసుకుపోవాల్సిన అవసరం కూడా వాళ్లకు లేదు.

బావకు అది ఎందుకు పనికి రాలేదో అక్కడ నిలబడ్డంక అర్థమైంది. ట్రాక్ ఔటర్ రింగు రోడ్డు వెంబడి పోతది, మెయిన్ రోడ్డుకు సర్వీస్ రోడ్డుకు నడుమ. బావ తొవ్వ మాత్రం ఔటర్‌ను అడ్డంగా దాటుతది, ఇవతలి బస్తీ నుంచి అవతలి టవర్లకు. పనికి పోయే ప్రతి ఒక్కరి తొవ్వ అంతే. వంట మనిషి, మేస్త్రీ, లిఫ్ట్ బాగుచేసే పిల్లగాడు, తోటమాలి, అందరూ కిరాయి తక్కువున్న దిక్కు నుంచి పైసలున్న దిక్కుకు దాటుతారు. దాటే చోటనే అండర్‌పాస్ చీకటి, దాటే చోటనే ఫ్లైఓవర్ దిగిన కార్లు ఎనభై స్పీడులో వస్తాయి. దాటే చోట ఒక గీత కూడా లేదు.

అదే 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అంత రేటు పలికిన భూమి మీద లేచే టవర్లకు గార్డులు కావాలి, ఊడ్చేవాళ్లు కావాలి, సామాన్లు మోసేవాళ్లు కావాలి. వాళ్లు ఎక్కడ ఉంటారు, ఎట్లా వస్తారు అన్నది లేఅవుట్ గీసినప్పుడు ఎవరైనా అడిగిండ్రా? సెక్యూరిటీ క్యాబిన్‌కు జాగ ఉంటది. ఆ క్యాబిన్‌ల కూర్చునేటోడు సైకిల్ పెట్టుకునే జాగ ఉండదు. బావ సైకిల్‌ను లోపలికి రానియ్యలే, గోడ బయట చెట్టుకు గొలుసు వేసి పెట్టుకునేటోడు. విజిటర్ కార్లకు మాత్రం రెండు అంతస్తుల సెల్లారు.

సైకిల్ అంటే పాతకాలం ముచ్చట, ఇప్పుడు ఎవరు తొక్కుతున్నరు అంటారు మనోళ్లే కొందరు. 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం కాని పనులకు పోయేవాళ్లు ఎట్లా పోతున్నారో అడిగారు. దేశం మొత్తం మీద నడిచిపోయేవాళ్లు 22 శాతం పైన. సైకిల్ మీద పోయేవాళ్లు 13 శాతం. బస్సు 11 శాతం. కార్లు, జీపులు, వ్యాన్లు కలిపి 3 శాతం కూడా లేవు. ఆ లెక్క పాతదే, ఇప్పుడు బండ్లు చాలా పెరిగినయ్, కాదనను. కానీ ఆ 3 శాతం కోసమే నగరాల్లో ఫ్లైఓవర్లు మొదలైనయ్. సైకిలోళ్లు, నడిచేటోళ్లు రోడ్డు అంచుకు, ఆ అంచు నుంచి మోరీ మీదికి జరిగిండ్రు.

జరిగినంక ఏమైతదో ఇంకో లెక్క చెప్తది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నడుస్తున్నవాళ్లు 32,825 మంది. సైకిల్ మీద ఉన్నవాళ్లు దాదాపు మూడు శాతం. చనిపోయినవాళ్ల లెక్క ఇది. బావ లాగ రాడ్ వేయించుకొని ఊరికి పోయినోళ్లు ఇందులో లేరు.

రాసిన కాగితం లేక కాదు. 2006లో కేంద్రం జాతీయ పట్టణ రవాణా విధానం తెచ్చింది. రోడ్లు బండ్లను కదిలించడానికి కాదు, మనుషులను కదిలించడానికి అన్నది దాని సారం. రాజ్యాంగంల ఐదో షెడ్యూల్ ఉన్నట్టే, పీసా చట్టం ఉన్నట్టే, అది కూడా ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని నేల మీదికి గుంజకపోతే ఏమైతదో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

గుంజిన చోట్ల కూడా గొడవ తప్పలేదు. ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా బస్సులకు వేరే వరస పెట్టారు, పక్కనే సైకిళ్లకు ట్రాక్, నడిచేటోళ్లకు ఫుట్‌పాత్. ఆరు కిలోమీటర్లు కూడా లేదు. బస్సు ముందుకు పోతుంటే కార్లు సిగ్నల్ కాడ నిలబడాల్సి వచ్చింది. అదే వాళ్లకు మింగుడు పడలేదు. కోర్టుకు పోయారు. 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. అయినా చివరికి 2016లో ప్రభుత్వమే దాన్ని తవ్వి తీసేసింది. డిజైన్‌లో తప్పులు ఉండె, బస్టాపులు రోడ్డు నడుమల పెట్టడం ఇబ్బందే. తప్పులు సరిచేయొచ్చు. ఫ్లైఓవర్‌ల తప్పుంటే కూలగొడుతున్నరా? కోల్‌కతాలో అయితే 2013లో 174 రోడ్ల మీద సైకిల్‌నే నిషేధించారు. పాలోళ్లు, పేపరోళ్లు, కూరగాయలోళ్లు రోడ్డెక్కి నిరసన చేయాల్సి వచ్చింది.

ఇంకో దిక్కు కొలంబియా రాజధాని బొగోటా. అక్కడ 1974 నుంచి ఆదివారాలు పెద్ద రోడ్లు కార్లకు మూసి సైకిళ్లకు, నడిచేటోళ్లకు ఇస్తున్నారు. మేయర్ ఎన్రికే పెనలోసా కాలంలో, 1998 తర్వాత, పేద వాడల నుంచి పని ప్రాంతాలకు పోయే వందల కిలోమీటర్ల సైకిల్ దారులు వేశారు. 2000లో బస్సులకు వేరే వరసలతో ట్రాన్స్‌మిలేనియో మొదలైంది. అక్కడ కూడా అన్నీ బాగున్నాయని కాదు, ఆ బస్సుల్లో తొక్కిసలాట గురించి వాళ్లే మొత్తుకుంటారు. కానీ అక్కడ ట్రాక్ పేదోడి ఇంటి ముందు నుంచి మొదలైంది. మన దగ్గర పార్కింగ్ నుంచి మొదలైంది.

సైకిల్ ఒక్కటే చాలదని నాకు తెలుసు. పదిహేను కిలోమీటర్లు తొక్కి పన్నెండు గంటలు నిలబడి మళ్లీ పదిహేను తొక్కమని ఎవర్నీ అడగలేం. బస్సు కావాలె. హైదరాబాద్‌ల 2019 ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది, ఆ తర్వాత సిటీలో వెయ్యి దాకా బస్సులు తగ్గించారు. పోయిన బస్సులు పోయినయ్, నగరం మాత్రం పెరుగుతనే ఉన్నది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం అయింది. మన చెల్లెండ్లు ఎంతమంది హాస్టళ్ల నుంచి కోచింగ్‌కు, మాల్స్‌ల పనికి ఆ బస్సుల్లోనే పోతున్నారో నాకు తెలుసు. దాన్ని ఎగతాళి చేసేటోళ్లతో నేను కొట్లాడుత. అయితే టికెట్ ఫిరీ అయినంత మాత్రాన రాత్రి షాపు మూసినంక బస్సు రాదు కదా. తొమ్మిదిన్నరకు డ్యూటీ దిగిన పిల్ల ఒక్కతే స్టాపు కాడ నిలబడుతది, చివరికి ఆటోకు వంద ఇస్తది.

మెట్రో 2017 నవంబర్‌ల మొదలైంది, మూడు లైన్లు కలిపి 69 కిలోమీటర్లు. మంచిదే, చల్లగ ఉంటది. 2025 మేలో చార్జీలు పెంచారు, గొడవ అయితే పది శాతం తగ్గించి కనిష్ఠం 11, గరిష్ఠం 69 రూపాయలు చేశారు. ఆ చివరి నుంచి ఈ చివరికి పోయి వచ్చే కూలికి అది రోజు కూలిల ఎంత వంతో మీరే లెక్కేసుకోండి. పైగా లైన్ రాయదుర్గం కాడ ఆగుతది. గార్డులు, మేస్త్రీలు పని చేసే టవర్లు ఇంకా అవతల లేస్తున్నయ్.

ఇప్పుడు మనోళ్ల సంగతి. ఇది రాయడానికి కొంచెం సిగ్గు పడుతున్న, ఎందుకంటే నేను కూడా అందులో ఉన్న.

మన పిల్లగాండ్లు సిటీకి వచ్చిన ఆరు నెలలల్ల ఈఎంఐ మీద బండి తీసుకుంటరు. సైకిల్ మీద పోతే గోండోడు, అడివోడు అని చూస్తరని భయం. ఊరికి పోయినప్పుడు దండారి పండుగకు బండి మీద దిగకపోతే సిటీకి పోయి ఏం చేసినట్టు? నేను డిగ్రీ అయిన తర్వాత పార్శిల్ డెలివరీ చేసినప్పుడు అట్లనే తీసుకున్న. నెలకు కిస్తీ, పెట్రోలు, చలాన్లు, సర్వీసింగ్ పోను చేతికి వచ్చేది చూస్తే బండి నా కోసం పని చేస్తుందా, నేను బండి కోసం పని చేస్తున్ననా తెలిసేది కాదు. రెండు కిస్తీలు తప్పితే ఫైనాన్సోళ్లు రూమ్ కాడికి వచ్చిండ్రు. బావ ఒక్కడే మా గుంపుల బండి వద్దన్నోడు. తెలివిగల లెక్క వేసుకున్నోడే కాలు పోగొట్టుకున్నడు. అది నాకు మింగుడు పడడం లేదు.

ఈ వ్యాసం సగం రాసి ఉట్నూర్ దిక్కు ఉన్న ఒక దోస్తుకు పంపితే వాడు తిట్టిండు. “మా గూడెంకు అంబులెన్స్ రాదు, నెలలు నిండిన ఆడబిడ్డను మంచం మీద మోసి వాగు దాటిస్తున్నం, నువ్వు సిటీల సైకిల్ తొవ్వ గురించి రాస్తవారా?” అన్నడు. వాడి కోపం సరైందే. అటవీ శాఖ అనుమతి లేదని ఆగిపోయిన రోడ్లు మన ఏజెన్సీల ఎన్ని ఉన్నయో మనందరికీ తెలుసు. నేను వాడికి చెప్పింది ఒక్కటే: ఆ రోడ్డును ఆపింది, ఈ తొవ్వను మర్చిపోయింది వేరే వేరే మనుషులు కాదు. ఎవరు ఎక్కడికి, ఎందుకు పోతున్నరో అడగకుండా గీసిన మ్యాపులే రెండూ. గూడెంల రోడ్డు అడుగుతం, సిటీకి రాగానే నోరు మూసుకుంటం. ఇక్కడ మనం కిరాయిదారులం, మనకేం హక్కు అనుకుంటం. ఓటు ఊళ్లె ఉంటది కాబట్టి ఇక్కడి కార్పొరేటర్ మన మొహం చూడడు. కానీ ఇయ్యాల మన గూడెంల చదువుకున్న పోరలు సగం మంది ఏదో ఒక సిటీలోనే ఉన్నరు. వాళ్లు పడుకునేది ఇక్కడ, తొక్కేది ఇక్కడ, పడిపోయేది ఇక్కడ.

వాడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఈ పోస్టు కింద వాడు తిడితే అడ్డుపడకండి, తిట్టనియ్యండి.

సైకిల్ అంటే చిన్న ముచ్చట కాదని చూపించిన ఊళ్లు మన దేశంలోనే ఉన్నయ్. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. క్వారీల కూలోళ్లు, పొలం పనులకు పోయేటోళ్లు, అంగన్‌వాడీ టీచర్లు. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ దానికి అండగా నిలబడింది. బిహార్‌ల 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు, హైస్కూల్‌ల చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు మూడో వంతు పెరిగిందని తర్వాత పరిశోధకులు తేల్చారు. ఆ పిల్లలను ఊరి రోడ్డు మీద చూసి చప్పట్లు కొట్టిన దేశమే, అదే పిల్ల పెద్దదై సిటీకి వస్తే సైకిల్ తొక్కే జాగ లేకుండా చేసింది.

ఇంకొక పనికొచ్చే మాట, దీన్ని సేవ్ చేసుకోండి. గుద్ది పారిపోయిన బండి నంబర్ దొరకకపోయినా నష్టపరిహారం ఉంటది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న హిట్ అండ్ రన్ పథకం కింద చనిపోతే 2 లక్షలు, పెద్ద గాయమైతే 50 వేలు. పోలీస్ కేసు కాగితం, ఆస్పత్రి కాగితాలు పెట్టి రెవెన్యూ ఆఫీసుల దరఖాస్తు చేయాలి. బావ విషయంల మాకు ఈ సంగతి తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఎఫ్ఐఆర్ కాపీ కోసమే మూడుసార్లు తిరిగినం, ఇప్పుడు దరఖాస్తు పెట్టినం, ఇంకా రాలేదు.

ఆ కాంట్రాక్టర్ మాట కూడా అట్లనే నమ్మాల్సిన పని లేదు. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003లో తెల్లవారుజామున డ్యూటీకి పోతూ ప్రమాదంలో చనిపోయాడు. ఆయన కుటుంబం ఇరవై రెండేండ్లు కొట్లాడింది. 2025 జులైలో సుప్రీంకోర్టు, ఇంటి నుంచి పనికి పోయేటప్పుడు జరిగిన ప్రమాదానికి ఆ పనితో సంబంధం ఉందని తేలితే, అది ఉద్యోగంలో జరిగిన ప్రమాదమే అన్నది. తొవ్వ కూడా పనిలో భాగమే అని ఒక వాచ్‌మన్ కేసులోనే చెప్పింది. మీ కాంట్రాక్టర్ కాదంటే ఈ తీర్పు చూపించండి, లేబర్ ఆఫీసుకు పోండి, మాకు మెసేజ్ పెట్టండి, వెంట వస్తం.

మరి ఏం అడుగుదాం? సోలార్ కప్పులు అడగడం లేదు. బస్తీల నుంచి పని జాగలకు దాటే అండర్‌పాస్‌లల్ల లైట్లు, సైకిళ్లకు, నడిచేటోళ్లకు గట్టు కట్టి వేరే వరస. ఊరికే పెయింట్ గీస్తే రెండో రోజు దాని మీద కార్లు పార్క్ చేస్తరు. ప్రతి అపార్ట్‌మెంట్ అనుమతిల పనోళ్ల సైకిళ్లకు గేటు లోపల స్టాండు. షిఫ్టులు మారే టైంకు, అంటే పొద్దున ఏడు నుంచి తొమ్మిది, రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా, ఆ దిక్కు ఎక్కువ బస్సులు. మెట్రో స్టేషన్ కింద పైసలు లేకుండా సైకిల్ పెట్టుకునే చోటు. ఇవి ఒక ఫ్లైఓవర్ ఖర్చులో ఎన్నోవంతు అన్నది ఇంజినీర్లనే అడుగుదాం.

అడిగితే వాళ్లు చెప్పే మొదటి మాట నాకు ముందే తెలుసు: “అక్కడ సైకిళ్లు ఎవరు తొక్కుతున్నారు, లెక్క చూపించండి.” అందుకే లెక్క తీద్దాం. వచ్చే సోమవారం, నర్సింగి, కోకాపేట, నానక్‌రాంగూడ, గచ్చిబౌలి దిక్కు ఉన్న మనోళ్లు ఒక్కో జంక్షన్ కాడ ఇద్దరిద్దరు నిలబడండి. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది. ఆదివారం వద్దు, ఆ రోజు వ్యాయామం చేసేటోళ్లే లెక్కకు వస్తరు. నోట్‌బుక్‌ల గీతలు గీయండి: సైకిళ్లు ఎన్ని, నడిచేటోళ్లు ఎంతమంది, అందులో ఆడవాళ్లు ఎంతమంది, ఎటు నుంచి ఎటు దాటుతున్నరు, ఎక్కడ ఆగి భయంతో చూస్తున్నరు. పేర్లు అడగకండి, ఫొటోలల్ల మొహాలు రానియ్యకండి, పని పోతదని భయపడతరు. రాత్రి డ్యూటీల ఉన్నోళ్లు దిగేటప్పుడు వాళ్ల తొవ్వనే రాసుకున్నా చాలు.

ఎవరు ఏ జంక్షన్ తీసుకుంటరో కామెంట్‌ల రాయండి. నర్సింగి అండర్‌పాస్ నాది. హ్యాండిల్ సరిచేయించి, బావ సైకిల్ మీదనే పోత.